బూట్లు ఎటు తిరిగి ఉన్నాయి

ఆదివారం మధ్యాహ్నం మూడుంపావుకి ఒనుమా నోరు జారి ఒక నిజం చెప్పాడు. అతనే ఏదో పొరబడ్డాడనుకుని, నా నోట్‌బుక్కులో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. చూసినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

ఒనుమాది కొండ మీద గుడి పక్కన టీ కొట్టు. యాభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ తువ్వాలు, కప్పు తుడుస్తూనే మాట్లాడతాడు. కొట్టు ముందు చెక్కలతో వేసిన వేదిక ఉంది, కొండ అంచు దాటి రెండు గజాలు గాల్లోకి పొడుచుకొచ్చి. రేవు, క్రేన్లు, అవతలి దీవులు, హమాగురా ఊరంతా అక్కణ్ణుంచే కనబడుతుంది కాబట్టి కొండెక్కిన వాళ్లలో సగం మంది దేవుడి కంటే ముందు ఆ వేదిక మీదికే వెళతారు. దాని పక్కనే రైలింగ్ వేసిన పెద్ద బండ. గురువారం సాయంత్రం కజివారా ఆ బండ మీంచే పడ్డాడు.

కజివారా మా ఊరి పురపాలక ఇంజినీరు. కొండవాలు మీద కట్టినవి గట్టిగా ఉన్నాయా లేదా అని చూసి రాయడం అతని ఉద్యోగం. నాలుగు రోజులుగా ఒనుమా వేదికనే కొలుస్తున్నాడు. గురువారం 4:52కి ఆఫీసుకి ఫోను చేసి, బండ మీదున్నాను, పది నిమిషాల్లో దిగుతాను అని చెప్పాడు. ఐదింటికి గుడి గంట మోగింది. 5:05కి గుడి పనివాడు మొకిచి తాత దీపాలు వెలిగించుకుంటూ వచ్చి, బండ మీదికెక్కే మెట్ల దిగువ నుంచే పైన బూట్లు చూశాడు. మనిషి కనబడలేదు. మోకాళ్లు సహకరించక పైకెక్కకుండా పోలీసులకి ఫోను చేశాడు. 5:20కి స్టేషన్ నుంచి నేను చేరాను, మూడు వందల పన్నెండు కొండ మెట్లు పరిగెత్తి. 5:26కి ఫొటోలు తీసే అతను వచ్చాడు. 5:40కి కింద సమాధుల గోడ పక్కన శవం దొరికింది. కజివారా కొలతలు రాసుకునే పుస్తకం మాత్రం ఎక్కడా దొరకలేదు.

అంచున బూట్లు పొందిగ్గా విడిచిపెట్టి ఉంటే ఇక్కడ ఎవరూ ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. బతుకు చాలనుకున్న మనిషి చివరగా చేసే పని అదేనని అందరికీ తెలుసు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ఒనుమాని నేను అడిగినవి మామూలు ప్రశ్నలే. గురువారం నాలుగున్నరకే కొట్టు మూసేసి మెట్ల దారిన దిగిపోయానన్నాడు, ఐదింటికి ఇంట్లో స్నానపు తొట్టెలో ఉన్నానన్నాడు. దారిలో ఎవరైనా చూశారా అంటే, చలికి ఎవరు తిరుగుతారమ్మా అన్నాడు. వేదిక గురించి కజివారా ఏమన్నాడని అడిగితే, అంతా బాగుందన్నాడనీ పాపం మంచివాడనీ చెప్పాడు. అదంతా రాసుకున్నాను. లేవబోతుండగా అతనే అన్నాడు.

"ఆ మనిషికి ఈ సముద్రమంటే ఎంత పిచ్చో చూడండమ్మా. బూట్లు కూడా సముద్రం వైపే ముఖం పెట్టి వదిలాడు. లేసులు లోపలికి దోపి మరీ."

రాశాను. వెంటనే ఫొటో గుర్తొచ్చింది. ఫొటోలో లేసులు లోపలికి దోపే ఉన్నాయి, అది నిజం. కానీ బూట్ల ముఖం గుడి వైపు ఉంది, సముద్రం వైపు కాదు. ఎవరో చెప్పగా విన్నాడు, సగం తప్పు విన్నాడు అనుకున్నాను. గీత కొట్టేశాను.

"నాలుగున్నరకి గుళ్లోకే టీ తెస్తాను, అందరికీ. మొకిచికి కూడా. పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదు ముసలాయన," అన్నాడు ఒనుమా. మంచివాడు అనుకున్నాను.

మొకిచి తాత పొద్దుట్నుంచీ ఏమీ తాగకపోవడానికి కారణం కురొసె.

కురొసె పోలీసు శిక్షణలో నా బ్యాచే. పరీక్షలు రాసుకుంటూ నాకంటే రెండు మెట్లు పైకెళ్లి, ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి మా కేసు మీదికి వచ్చాడు. వచ్చిన గంటలో ఇది ఆత్మహత్య కాదు హత్య అన్నాడు. రెండో గంటలో మొకిచి తాతని గుడి పక్క గదిలో కూర్చోబెట్టాడు. ఐదింటి గంట మోగేలోపు వాంగ్మూలం రాయించి కిందికి దింపుతానని, కావాలంటే పందెమని, నా ముందే మా ఆఫీసరుతో అన్నాడు.

నాలుగింటికి నన్ను బండ మీదికి రమ్మన్నాడు. పాఠం చెప్పడానికి.

"నిషిగుచీ, గురువారం నువ్వు చూసింది ఇదేగా?" అని ఫొటో నా ముక్కు కింద పెట్టాడు.

"ఇదే."

"ఏం కనబడుతోంది?"

"బూట్లు."

"బాగుంది. చెప్పులని అన్లేదు, సంతోషం." అంటూ తన బూట్లు అక్కడే విడిచి, మేజోళ్లతో రైలింగ్ దాకా నడిచాడు. నాకు వీపు పెట్టి, కింద ఊరికేసి చూస్తూ మొదలుపెట్టాడు. మనిషి సముద్రం వైపు నడుస్తూ బూట్లు విప్పితే వాటి ముఖం ఎటుంటుంది? సముద్రం వైపు. ఇప్పుడు నా బూట్లు ఎలా ఉన్నాయి, సముద్రం వైపు. మరి ఫొటోలో గుడి వైపు ఎందుకున్నాయి? దూకబోయేవాడు వంగి వాటిని వెనక్కి తిప్పుతాడా? తిరిగొచ్చి తొడుక్కోవడానికా? కాదు. వాటిని ఇంకెవరో తిప్పారు. తిప్పినవాడికి అది అలవాటు. అలవాటుగా చేసే పని చేస్తున్నట్టు తెలీదు, అందుకే దొరికిపోయాడు.

"ఈ కొండ మీద పొద్దున లేచింది మొదలు ఊరి జనం బూట్లు తిప్పడమే పనిగా బతికేది ఎవరు? యాభై ఏళ్లుగా?"

గుడి గుమ్మం ముందు బూట్లు విడిచే మెట్టు రాయి నాకు ఇక్కడికే కనబడుతోంది. గుళ్లోకి వెళ్లేవాళ్లు గుడి వైపు ముఖంగా విడిచినవాటిని మొకిచి తాత ఒక్కొక్కటే తిప్పి, వెళ్లేటప్పుడు కాలు పెడితే చాలు అన్నట్టు బయటికి పెట్టేవాడు. ఇవాళ ఆయన్ని లోపల కూర్చోబెట్టారు కాబట్టి ఎక్కడివక్కడ చిందరవందరగా పడున్నాయి.

"పైగా పోయిన బుధవారం ఇద్దరికీ పోట్లాట," అంటూ కురొసె ఇటు తిరిగాడు. నాలుగడుగులు వేసి, బూట్లలో కాళ్లు దూర్చి, మాట ఆపకుండానే మెట్ల వైపు నడిచాడు.

నేను అక్కడే ఉండిపోయాను.

అతను కాళ్లు నేరుగా దూర్చాడు. వెనక్కి తిరగలేదు, వంగలేదు. అంటే బూట్లు గుడి వైపు తిరిగి ఉన్నాయి. విడిచినప్పుడు సముద్రం వైపున్నాయని ఇప్పుడే తనే చెప్పాడు. మధ్యలో ఈ బండ మీద ఉన్నది నేనొక్కదాన్నే. నా కుడి చెయ్యి చూసుకున్నాను. చూపుడు వేలికీ మధ్య వేలికీ బూటు పాలిష్ అంటి ఉంది.

మా అమ్మకి రేవు దగ్గర పన్నెండు గదుల పాతకాలపు హోటలుంది. నాకు ఐదేళ్లప్పటి నుంచి ఒకటే పని. అతిథి లోపలికెళ్లి మొదటి కప్పు టీ పూర్తి చేసేలోపు అతని బూట్లు వీధి వైపు తిరగాలి. మడమల దగ్గర రెండు వేళ్లు దూర్చి, జత మొత్తం ఒకేసారి లేపి, చప్పుడు కాకుండా తిప్పి పెట్టాలి. తిప్పినట్టు అతిథికి తెలియకూడదు, తెలిస్తే అమ్మ కళ్లు పెద్దవి చేసేది. అలా పదమూడేళ్లు తిప్పాను. పోలీసు స్టేషన్లో కూడా అందరివీ తిప్పుతానని వెక్కిరిస్తుంటారు.

గురువారం 5:20 నుంచి 5:26 దాకా ఈ బండ మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయాసంతో ఉన్నాను, చేతి తొడుగులు జేబులోనే ఉన్నాయి. రైలింగ్ మీంచి కిందికి చూశాను, వెనక్కొచ్చాను, మధ్యలో... ఇప్పుడు గుర్తొస్తోంది. తోలు చల్లగా తగలడం. తుంపరకి మడమ తడిగా ఉండటం. అప్పుడు అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయంలా అనిపించనేలేదు.

తిప్పింది నేనే.

"వస్తున్నావా, లేక నువ్వూ వ్యూ చూసుకుంటున్నావా?" అని కురొసె మెట్ల మీంచి పిలిచాడు.

వస్తున్నా అన్నాను. అంతే అన్నాను. టైము 4:08.

పక్క గదిలో మొకిచి తాత మోకాళ్ల మీద కూర్చున్నాడు, డెబ్బై ఒకటో ఏట, చేతులు తొడల మీద పెట్టుకుని. నన్ను చూసి తల వంచి నమస్కరించాడు. నా కోసం మెట్ల మీద ఎన్నోసార్లు దీపం పట్టుకున్న మనిషి. నేను గోడ పక్కన కూర్చుని నోట్‌బుక్కు తెరిచాను. వేళ్లు పాలిష్ కనబడకుండా ముడుచుకున్నాను. అవును, దాచుకున్నాను. మొదటి పని అదే చేశాను.

కురొసె గొంతు పెంచడు, అదే అతని తెలివి. బుధవారం ఏం జరిగిందని అడిగాడు. కజివారా కొలతల కోసం గుడి వసారా చెక్కల మీదికి బూట్లతోనే ఎక్కాడనీ, దిగమని తను గట్టిగా అన్నాననీ తాత ఒప్పుకున్నాడు. అవి పొడుగు బూట్లట, పదేసి రంధ్రాల లేసులట. ఇవన్నీ విప్పి కట్టుకునే ఓపిక తనకి లేదనీ, ఇంట్లోనైనా పీకి అవతల పారేస్తాననీ కజివారా నవ్వాడట. తాతకి ఒళ్లు మండిందట.

"ఒళ్లు మండి?"

"లోపలికెళ్లి తడిగుడ్డ తెచ్చి చెక్కలు తుడిచానండి."

"అంతేనా?"

"అంతేనండి. ఆయన కూడా మర్నాడు క్షమించమని తల వంచాడు."

కురొసె ఫొటో ముందుకి తోశాడు. ఈ బూట్లు ఎవరు తిప్పారని అడిగాడు. తాత ఫొటోని రెండు చేతుల్తో తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. చెప్పెయ్ అనుకున్నాను. చెబితే రేపట్నుంచి ఉద్యోగం ఉండదు, నేర స్థలంలో సాక్ష్యం పాడుచేసిన పిల్లగా పేపర్లో పేరొస్తుంది, హోటల్ గుమ్మంలో అమ్మ ఎవరికీ ముఖం చూపించలేదు. ఇంకా టైముంది, తాత కాదంటాడు, వదిలేస్తారు, నేను చెప్పనవసరమే రాదు. ఇలా కూడా అనుకున్నాను. గడియారం వైపు చూస్తూ అనుకున్నాను.

"నేను బండ మెట్లెక్కలేదండి," అన్నాడు తాత. "ఎక్కలేదనే నాకు గుర్తు. కానీ ఇది... ఇది నేను పెట్టినట్టే ఉంది. మడమలు కలిపి, వేలెడు సందు లేకుండా. బయటివాళ్లు ఇలా పెట్టరు. నా చెయ్యి నాకు తెలీకుండా పోయిందేమో."

"ఎక్కి ఉండొచ్చంటారా?"

"ఈ మధ్య మర్చిపోతున్నానండి. నా చెయ్యే అయ్యుంటుంది. ఇంకెవరు పెడతారు ఇలా?"

కురొసె కాగితాలు సర్దాడు. సంతకానికి బదులు వేసే ముద్ర దగ్గర లేకపోతే బొటనవేలు చాలన్నాడు. సిరా పెట్టె మూత తీశాడు. తాత బొటనవేలు పైబట్ట అంచుకి తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

"అమ్మాయి గారూ, మీకు ఆదివారం పూట ఇంత శ్రమ ఇచ్చాను. ఒక్క మాట. నేను లేనప్పుడు మెట్టు రాయి దగ్గర ఎవరైనా ఒకరుండేలా చూడండి. ముసలివాళ్లు వస్తారు, వంగి తిప్పుకోలేరు."

4:30.

"ఆ బూట్లు తిప్పింది నేను," అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదేమో అనుకున్నాను. కురొసెకి వినబడింది. సిరా పెట్టె అలాగే పట్టుకుని, ఏమన్నావ్ అన్నాడు. మళ్లీ చెప్పాను. 5:20కి వచ్చానని, తొడుగులు వేసుకోలేదని, ఫొటోలు తీసే అతను రాకముందే ముట్టుకున్నానని, ఇందాక బండ మీద అతని బూట్లు కూడా తిప్పానని. ముడిచిన వేళ్లు విప్పి చూపించాను.

కురొసె నా వేళ్ల వైపు చూశాడు. తర్వాత కాగితం అతికించిన తలుపు అవతల మెట్టు రాయి ఉన్న దిక్కు చూశాడు. కాళ్లు నేరుగా దూర్చిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చిందని ముఖంలోనే తెలిసింది.

"ముసలాయన మీద జాలేసి చెబుతున్నావా?"

"కజివారా బూటు మడమల్లో రెండు వేలిముద్రలు దొరికాయి, ఎవరివో తేలలేదని నీ రిపోర్టులోనే ఉంది. నావాటితో సరిపోల్చు. పోలీసువాళ్ల వేలిముద్రలు ఎవరూ చూడలేదు కదా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇది అడగకపోతే బాగుండునని అనుకుంటున్న ప్రశ్న. "నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకి."

"ఇరవై రెండు నిమిషాలు," అన్నాడు కురొసె మెల్లిగా. "ఆయన వేలు తుడుచుకునేదాకా."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నేను తాత వైపు తిరిగి నుదురు చాపకి ఆనేలా వంగాను. ఆయన చెయ్యి నా భుజం పక్కన చాపని రెండుసార్లు తట్టింది, లెమ్మన్నట్టు. లేవలేకపోయాను.

"బాగుంది," అన్నాడు కురొసె, ఈసారి గొంతు కరుకుగా. "నీ ఉద్యోగం పోయింది, నా కేసూ పోయింది. బూట్లు మొదట సముద్రం వైపున్నాయి. అంటే మళ్లీ ఆత్మహత్యే. సంతోషమా?"

సముద్రం వైపు.

తల ఎత్తాను. నోట్‌బుక్కు తీసి పేజీలు వెనక్కి తిప్పాను. అడ్డంగా గీత కొట్టిన వాక్యం. దాని కింది అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.

"కురొసే, బూట్లు సముద్రం వైపున్నప్పుడు వాటిని చూసినవాళ్లెవరు?"

"నువ్వు."

"నాకు గుర్తే లేదు. ఫొటోల్లో లేదు. తాత కింద నుంచి చూశాడు, బూట్లున్నాయన్నాడు తప్ప ఎటున్నాయో ఆయనకి తెలీదు. 5:20 తర్వాత ఈ లోకంలో ఎవరు చూసినా అవి గుడి వైపు తిరిగే ఉంటాయి. 4:52కి కజివారా ఫోన్లో మాట్లాడుతున్నాడు, బూట్లు అతని కాళ్లకే ఉన్నాయి. ఆ రెంటి మధ్య అరగంటలో బండ మీదున్నవాడికి తప్ప సముద్రం వైపని ఇంకెవరికీ తెలిసే వీల్లేదు." నోట్‌బుక్కు అతని ముందు పెట్టాను. "నాలుగున్నరకే దిగిపోయానన్న మనిషి ఇవాళ నాకు చెప్పాడు. నేను కొట్టేశాను."

కురొసె చదివాడు. మళ్లీ చదివాడు. అతనికి నేను నచ్చను, కానీ బుర్ర మంచిది. వెంటనే రెండో సగం అందుకున్నాడు.

"లేసులు లోపలికి దోపి," అని వేలితో చూపించాడు. "విప్పడానికే బద్ధకమన్న మనిషి, చచ్చే ముందు లేసులు దోపుకుంటాడా? దోపింది ఇంకొకడు."

"వేదిక కూలుతుందని కజివారా కొలతల పుస్తకంలో రాసుంటాడు. పుస్తకం పోయింది అందుకే."

అప్పుడే తలుపు అవతల చిన్న చప్పుడైంది. పింగాణీ మీద పింగాణీ తగిలినట్టు.

ముగ్గురం అటు చూశాం. 4:36. నాలుగున్నరకి టీ తెస్తానన్నాడు ఒనుమా.

కురొసె ఒక్క లాగులో తలుపు తీశాడు. వసారా చెక్కల మీద పళ్లెం ఉంది, నాలుగు కప్పులు, ఒకటి పక్కకి ఒరిగి టీ పారుతోంది, పొగ ఇంకా లేస్తోంది. మనిషి లేడు. చెక్కల మీద తడి మేజోళ్ల అడుగులు వెనక వైపుకి, వేదిక ఉన్న వైపుకి, దూరం దూరంగా పడ్డాయి. కురొసె బూట్లు కూడా తొడుక్కోకుండా దూకి, కానిస్టేబుల్‌ని పేరు పెట్టి పిలుస్తూ పరిగెత్తాడు. ఆదివారం సాయంత్రం, ఎండ దిగే వేళ, వేదిక మీద జనం నిండుగా ఉంటారు.

నేనూ మెట్టు రాయి మీదికి దిగాను. అక్కడ ఆగాను.

చిందరవందర జతల మధ్య ఒక జత కొత్తగా ఉంది, గుడి వైపు ముఖంగా, విడిచినవి విడిచినట్టే. టీ కొట్టువాళ్లు వేసుకునే రబ్బరు అడుగుల బూట్లు. పళ్లెంతో రోజంతా లోపలికీ బయటికీ తిరిగే మనిషివి. నేల మీద పారాడి ఎవరూ తొక్కకుండా రెండు బూట్ల లేసులూ లోపలికి, మడత పెట్టి, దోపి ఉన్నాయి. ఫొటోలో ఉన్నట్టే.

వెనక మొకిచి తాత వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన చూపు కూడా ఆ జత మీదే పడింది. ఆయన నడుం వంగింది. నా చెయ్యి కూడా అప్పటికే కిందికి వెళ్లిపోయింది, రెండు వేళ్లు ముందుకి చాచుకుని, నాకు తెలీకుండానే.

"ముట్టుకోకండి," అన్నాను, తాతకి కాదు, నా చేతికి.

చెయ్యి గాల్లోనే ఆగింది.